కడవ మోసినవాళ్ల కమిటీ

మీటింగు ఉన్న ప్రతిసారీ నాగులమ్మ చంకన నీళ్ల కడవతోనే వచ్చేది. చలివేంద్రం తొట్టి కుళాయి నీళ్లతో అప్పటికే నిండి ఉండేది. అయినా తన కడవ అందులో ఒంపి, చెంగుతో మెడ తుడుచుకుని, ఆ తర్వాతే కూర్చునేది. ఇనుప కుర్చీల్లోని పెద్దమనుషులు నవ్వుకునేవారు. నవ్వుకోనీ, ఆ కమిటీ పుట్టిందే కడవతో.

డెబ్బైరెండు వేసవిలో, పుత్తూరు వైపు నుంచి తిరుపతికి నడిచిపోతున్న ఒక ముసలామె వడమాలపేట పొలిమేర మలుపులో సొమ్మసిల్లి పడిపోయింది. బడి అయ్యవారు పరంధామయ్య అంగళ్లవాళ్లను, రైతులను, బస్సుల ఓనరును కూడగట్టి అక్కడే ఒక పందిరి వేయించారు. నీళ్లు పోసే పని నాగులమ్మకు అప్పగించి, ఆమెనూ కమిటీలో కూర్చోబెట్టారు. ఆయన పెట్టిన నియమాలు రెండే. ఊరబావి నుంచి ఒక కడవ తానే మోసుకొచ్చి తొట్టిలో పోసినవాళ్లే మాట్లాడాలి. ఏ ఒక్కరు వద్దన్నా ఆ పని ఆపేయాలి. అంగడి కుప్పుస్వామి సగం నీళ్లు పంచె మీదే ఒలకబోసుకుంటూ వచ్చేవాడు. మీటింగు పావుగంటలో ముగిసేది. భుజం లాగేస్తున్న మనిషికి ఉపన్యాసం మీద మనసు పోదు కదా.

పోనుపోను కడవలు పనివాళ్ల నెత్తిన రావడం మొదలైంది. అయ్యవారు పోయాక కమిటీ రిజిస్టరు అయింది, రైతు మునిరత్నం ప్రెసిడెంటు అయ్యాడు, కుళాయి వచ్చింది. ఒక్కరు వద్దంటే ఆగే పద్ధతి పోయి ఓట్లు వచ్చాయి. ఉన్న ఆరుగురిలో ఐదుగురి సంతకాలు లేనిదే తీర్మానం చెల్లదని రాసుకున్నారు. బస్సుల ఓనరు తిరుపతిలో కాపురం పెట్టి ఇటు రావడం మానేశాడు. దాంతో నాగులమ్మ వేలిముద్రతో కలిపితేనే ఐదు అయ్యేవి.

ఎనభై ఆరులో, పందిరి తీసేసి మైలు దూరంలోని బస్టాపు దగ్గర సిమెంటుతో కట్టాలన్నారు.

“ఆడైతే నలుగురి కంట్లో పడతాదక్కా,” అన్నాడు మునిరత్నం.

“బస్సెక్కేవాళ్లకు సోడా అంగడి ఉండాది గదప్పా. నడిచొచ్చేవాళ్లు ఈ మలుపు కాడికే సోలిపోతారు. నేను ముద్ర ఎయ్యను.”

లేచి వచ్చేసింది. మూడు నెలలు తీర్మానం కదల్లేదు. పద్నాలుగేళ్లు కలిసి కూర్చున్నవాళ్లు ఎదురుపడితే మొహం తిప్పుకుపోతుంటే నాగులమ్మకు ప్రాణం విసిగిపోయింది.

నాలుగో నెలలో మునిరత్నమే ఇంటికొచ్చి మెత్తగా చెప్పాడు. “ఓనరును కారు పంపి పిలిపించి ఐదో సంతకం పెట్టించినామక్కా. రూలు గూడా మార్చినాము. ఇంకమీద నలుగురు సాలు. నువ్వు ఈ ఎండలో పడి రావాల్సిన పన్లే.”

ఆమెకు కోపం కూడా రాలేదు. అరుగు మీద కూలబడి, సరేనన్నట్టు తలూపింది.

పందిరి పీకేసిన మర్నాడు పొద్దున్నే ఊరబావిలో కడవ నింపుకుని, రెండుచోట్ల దించి ఎత్తుకుంటూ మలుపుకు చేరింది. గుంజలు తీసిన గుంతల పక్కన కూర్చుంది. నగరి నుంచి నడిచొస్తున్న ఒకామె దోసిలి పట్టి కడుపారా తాగి, “ఈ నీళ్లు ఎవురు పెట్టిచ్చినారమ్మా?” అని అడిగింది.

“కమిటీవాళ్లు,” అంది నాగులమ్మ, మోకాళ్లు ఒత్తుకుంటూ. “ఈ పొద్దు నేనొక్కదాన్నే వచ్చినాను.”