భార్య ఫారంలో భర్త నంబరు

2019. బహ్రెయిన్‌లో విమానాలు దిగే ముహర్రక్ ఊళ్లో, పాత బజారు వెనక సందులో మా టైపింగ్ సెంటర్. వీసా, రెన్యువల్, క్యాన్సిలేషన్, ఏ దరఖాస్తైనా అరబ్బీలో కొట్టి ఆన్‌లైన్‌లో ఎక్కించే దుకాణాన్ని అక్కడ అలా అంటారు. నేను కుర్చీలోంచి లేస్తే సగం దేశం పని ఆగిపోయేది. సరే, సగం దేశం కాదు, మా సందు. సందు కూడా కాదు లెండి, ఎదుటి చాయ్ దుకాణం నడిపే కేరళ మలబారీ ఒక్కడే "భాయ్ ఎక్కడ?" అని అడిగేవాడు. అయినా ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ ఏలకుల చాయ్ వాసన ముక్కుకు తగులుతుంది. నెత్తిమీదుగా విమానం దిగినప్పుడల్లా నా బల్లమీది గాజు గ్లాసు వణికేది. మా జగిత్యాలవాళ్లు ఎవరైనా దిగుతున్నారేమోనని తలెత్తి చూసేవాణ్ణి.

ఒక శుక్రవారం పొద్దున రాహేలమ్మ వచ్చింది. ఆస్పత్రిలో నర్సు. పక్క సందులో హాలు తీసుకుని ప్రార్థన జరుపుకునే తెలుగు క్రైస్తవులకు పెద్దదిక్కు. వెంట పాతికేళ్ల అమ్మాయి. పేరు సువార్త, భీమవరం దగ్గర ఊరు. అంత ఉక్కలోనూ మణికట్టు దాకా చేతులున్న జాకెట్టు వేసుకుంది.

"బ్రదర్, తొందరగా చూడాలి. వీళ్లాయన భోజనాల వేళకి వచ్చేస్తాడు," అంది రాహేలమ్మ.

"నా వీసా క్యాన్సిలైపోయిందంటండి," అంది సువార్త. "ఆయన చెప్పారు. పోలీసుల దగ్గరికెళ్తే ముందు నన్నే జైల్లో వేస్తారంట. అందుకే ఏడాది నుంచీ..." ఆపేసింది.

జాకెట్టు అంచు కింద నల్లగా కమిలిన చోటు కనిపించింది. "ఆ చెయ్యి ఏమైంది బిడ్డా?"

"తలుపు తగిలిందండి."

"ఆ తలుపు వేలికి ఉంగరం ఉంది బ్రదర్," అంది రాహేలమ్మ.

సువార్తది డిపెండెంట్ వీసా. అంటే భర్త ఉద్యోగం మీద, భర్త పూచీ మీద భార్యకు వచ్చేది. ఆయన సంతకం చేస్తే ఉంటుంది, ఆయన వద్దంటే పోతుంది. సీపీఆర్, అంటే అక్కడి గుర్తింపు కార్డు, చూపించమన్నాను.

"కార్డు ఆయన దగ్గరే ఉంటదండి. నంబరు మాత్రం నోటికొచ్చు." బైబిలు వాక్యం అప్పజెప్పినట్టు గడగడా చెప్పింది.

కొట్టి చూశాను. వీసా నిక్షేపంగా ఉంది. రెండు నెలల కిందటే రెన్యువల్ అయింది. లేకపోతే జరిమానా పడేది భర్తకే కదా మరి! ఆ మాటే చెప్పాను.

సువార్త నమ్మలేదు. "రెన్యువలైతే ఫోనుకి మెసేజ్ వస్తదంట కదండీ. నాకు రాలేదేంటి?"

నేను లేచి పాత ఫైలు తీశాను. ఆ రెన్యువల్ కొట్టింది నేనే. మొబైల్ నంబరు గడిలో ఉన్నది భర్త నంబరు. అదొక్కటే కాదు. ఎన్నో ఏళ్లుగా నేను కొట్టిన ప్రతి భార్య ఫారంలోనూ భర్త నంబరే. మగవాడు ఎదురుగా కూర్చుని ఉండగా వాళ్లావిడ నంబరు అడగడం మనవాళ్లలో మర్యాద కాదు. ఆ మర్యాదే పాటించానని గర్వంగా కూడా ఉండేది.

"ఫారంల మీ ఆయన నంబరు నేనే పెట్టిన బిడ్డా."

ఆ అమ్మాయి తిట్టలేదు. "నన్ను ఒక్కమాట అడగలేదేంటండి?" అంది, అంతే.

వీసా చెల్లుతుందన్న కాగితం ప్రింటు తీసిచ్చాను. సువార్త రెండుసార్లు చదువుకుంది. "మరి రేపు ఆయన నిజంగానే క్యాన్సిల్ చేయిస్తే?"

"చేయిస్తడు. అందుకే, అంతకుముందే నీ ఫిర్యాదు స్టేషన్ల ఉండాలె."

కాగితం మడిచి బైబిల్లో పెట్టుకుంది. భోజనాలకు ఆగకుండా ఇద్దరూ స్టేషనుకు వెళ్లిపోయారు.

ఆదివారం భర్త వచ్చాడు. "అంకుల్, అది ఇంట్లోంచి పోయింది. దాని వీసా క్యాన్సిల్ కొట్టండి. యల్లా, తొందరగా!"

అప్పుడు నేను అతని కాలర్ పట్టుకుని సందులోకి గెంటాను. మామీర్ లేబర్ క్యాంపులో మనవాళ్లకు ఈ కథ ఎన్నిసార్లు చెప్పానో! చెప్పిన ప్రతిసారీ అతను కాస్త దూరం వెళ్లి పడేవాడు. జరిగింది వేరు. నేను కుర్చీలోంచి లేవనే లేదు. నోట్లోంచి వచ్చింది మా వృత్తిలోని అతి పాత అబద్ధం.

"సిస్టం డౌన్ ఉంది భాయ్."

"ఎప్పుడొస్తది?"

"అల్లాకే ఎరుక."

సోమవారమూ డౌనే, మంగళవారమూ డౌనే. ఆ బజారులో ఇంకా నాలుగు సెంటర్లున్నాయి. కానీ అతను నా దగ్గరికే వచ్చాడు. ఏళ్ల తరబడి ఏది చెబితే అది మారుమాట లేకుండా కొట్టినవాణ్ణి కదా, నామీద అంత నమ్మకం. బుధవారం రాలేదు. స్టేషను నుంచి పిలుపొచ్చిందట.

మిగతాదంతా రాహేలమ్మ, ఆడవాళ్ల ఆశ్రయ గృహం వాళ్లు, ఎంబసీ వాళ్లు చేసిన పని. అన్నిటికంటే ముందు, స్టేషను మెట్లెక్కిన సువార్త చేసిన పని. నేను మూడు రోజులు అబద్ధమాడాను, అంతే. కొన్ని నెలలకు ఆమె మళ్లీ వచ్చింది, ఒక కుట్టు దుకాణంలో పని దొరికి, తన పేరుమీద పని వీసా ఫారం పట్టుకుని. మొబైల్ గడి దగ్గర ఆగాను.

"నీ నంబరు చెప్పు బిడ్డా."

ఒక్కొక్క అంకే ఆపి ఆపి చెప్పింది. తప్పు కొడతానేమోనని వంగి తెరలోకి చూసింది కూడా.

ఆనాటి నుంచి భార్య ఫారం వస్తే భార్యనే అడిగాను. కొందరు మొగుళ్లు మొహం మాడ్చుకున్నారు. నేను మారిన మనిషినని ఊరొచ్చాక కూడా చాలా గొప్పలు చెప్పుకున్నాను. పోయిన నెల మా ఆవిడ లక్ష్మి పేరున గ్యాస్ కనెక్షన్‌కి ఫారం నింపుతూ, మొబైల్ గడిలో అలవాటుగా నా నంబరు రాశాను. పక్కనుంచి లక్ష్మి చూసింది.

"నాకు ఫోన్ లేదా?"

నా నంబరు గీత పెట్టి కొట్టేశాను. తీరా రాద్దామంటే ఆమె నంబరు నాకు నోటికి రాదు.

"చెప్తున్న, రాసుకో," అంది.