చింతపండు డబ్బాలో ఫీజు చీటీలు

శివరాత్రి దగ్గర పడుతోందంటే మా ఇంట్లో అందరం బస్సు పార్సిల్ కోసం చూసేవాళ్లం. అశ్వారావుపేట దగ్గరి పల్లె నుంచి మా అత్త, అంటే నాన్న చెల్లెలు, కొత్త చింతపండు పంపేది. గింజలు తీసి, ఉప్పు కలిపి, పాత పాలపొడి డబ్బాలో గట్టిగా నొక్కిన చింతపండు. మూత తీయగానే హైదరాబాద్‌లో మా రెండు గదుల అద్దె ఇల్లంతా ఆ పులుపు వాసనే. మూత కింద మడిచిన న్యూస్‌పేపరు. దాని కింద ప్లాస్టిక్ కవర్లో అత్త కూతురు, మా మరదలి స్కూల్ ఫీజు రశీదులు.

ఆ రశీదుల సంగతి మొదలైన రోజు నాకు బాగా గుర్తు. సంక్రాంతి అయిపోయాక ఒక శని, ఆదివారాలు అత్తవాళ్లింట్లో ఉన్నాం. నాన్నకు ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. "మా పాప ఫీజు రశీదులు ఇంట్లున్నయి సార్, పోంగనే తెచ్చిస్త. అవి ఇయ్యకుంటే జీతంల పన్ను ఎక్కువ కట్ అయితది గద" అన్నాడు నాన్న. పొయ్యి దగ్గర కూర్చున్న అత్త అంతా వింది. నెల తిరగకముందే చింతపండు డబ్బాలో రశీదులు, వాటితో పాటు నోటుపుస్తకంలోంచి చింపిన ముక్క మీద నాలుగు మాటలు: "అన్నా, మా పిల్ల ఫీజు చీటీలు. మాకు పన్నే లేదు, వీటితోని మాకేం పని? నీకన్న కలిసొస్తది."

నాన్న చదివి, నవ్వి, రశీదులను బీరువా సొరుగులో పెట్టాడు. ఆఫీసుకు తీసుకెళ్లే ఉంటాడనుకున్నాను. ఆ తర్వాత ప్రతి ఏడాదీ వచ్చాయి. పెళ్లయినప్పటి నుంచి అత్తకు చీరలైనా, దవాఖానా ఖర్చులైనా మా ఇంటి నుంచి వెళ్లడమే. ఇప్పుడు ఆమె దగ్గర కూడా అన్నకు ఇవ్వడానికి ఒకటి దొరికింది. "మా అన్న పన్ను నా బిడ్డ చదువుతోనే తగ్గుతది" అని వాడకట్టంతా చెప్పుకునేది.

ఎండాకాలం సెలవులు ఎక్కువగా అక్కడే గడిచేవి. మామయ్య పామాయిల్ తోటల్లో కూలికి గెలలు కోసేవాడు. పొడవాటి గొట్టానికి కట్టిన కొడవలితో ఒక్క లాగు లాగితే, గెల ధబ్బున పడి కాళ్ల కింద నేల అదిరేది. జూన్‌లో నేనింకా అక్కడ ఉండగానే మరదలికి బడి మొదలయ్యేది. వానకు బురదైన దారిలో బూట్లు చేతిలో పట్టుకుని రోడ్డు దాకా నడిచి, వ్యాన్ ఎక్కాక తొడుక్కునేది. నాన్న ఫోన్‌లా కాదు, నా సిమ్‌కు సిగ్నల్ కావాలంటే మంచినీళ్ల ట్యాంక్ మెట్లెక్కాల్సిందే. అత్త అందరికీ చూపించి నవ్వేది: "సూడుండ్రి, మా కోడలు దేవునితోని మాట్లాడుతున్నది."

ఉద్యోగం వచ్చిన మొదటి వేసవిలో నాలుగు రోజులు సెలవు పెట్టి వెళ్లాను. మరదలు తొమ్మిదిలోకి వెళ్లాలి. అన్నాల దగ్గర మామయ్య మెల్లగా అన్నాడు: "ఫీజు పెంచిండ్రు, వ్యాన్ కిరాయి పెంచిండ్రు. ఈ యేడు సర్కారు హైస్కూల్ల ఏద్దాం పిల్లను."

"ఏస్తే మా అన్నకు చీటీలెట్ల పోతయి?" అంది అత్త. "మన ఖర్చు సూసుకొని ఆయనకు పన్ను పెంచుతమా?"

నా చేతిలో ఫోనుంది. ఆఫీసులో పన్ను ఫారం నింపి వారం కూడా కాలేదు, ఆ చిరాకు ఇంకా పోలేదు. నోరు ఆగలేదు.

"ఏం చీటీలత్తా? నీ బిడ్డ ఫీజుకు మా నాన్నకు ఎందుకు తగ్గిస్తరు? సొంత పిల్లలకే. ఇద్దరికే. రూల్ ఇగో!"

అత్త చీటీలు గుర్తొచ్చి పొద్దున ట్యాంక్ మెట్ల మీద తీసుకున్న స్క్రీన్‌షాట్ ఆమె మొహం ముందు పెట్టాను. ఆమె స్క్రీన్ చూడలేదు, నన్నే చూసింది.

"మరి ఇన్నేండ్లు పంపినయి?"

"ఒక్కటి కూడ పనికి రాలే."

అత్త చేతిలో గరిటెను గిన్నెలో పెట్టేసింది. అక్కడితో ఊరుకోవాల్సింది. నేను ఊరుకోలేదు. "అసలు ఆ తగ్గింపు మీకే ఇయ్యాలె! జీతమున్నోళ్లకేమో రశీదు పెడితే తగ్గుతది, గెలలు కోసేటోళ్లు మాత్రం పూరా కట్టాలె. ఇదేం న్యాయం?"

మామయ్య నవ్వాడు. "పన్నే కట్టనోనికి ఏం తగ్గిస్తరు బిడ్డా? ఇయ్యాలని ఉంటే ఆ సర్కారు బడికే ఇద్దరు సార్లను ఇయ్యమను. మా అందరికి సరిపోతది."

అప్పటిదాకా కంచంలో వేళ్లు తిప్పుతూ కూర్చున్న మరదలు తలెత్తింది. "లెక్కల సార్ వచ్చిండమ్మా ఆ బడికి. నా దోస్తులందరు అండ్లనే. నేను నిరుడే పోదామనుకున్న."

"మరి చెప్పకపోతివేందే?"

"హైదరాబాద్ మామయ్యకు పన్ను పెరుగుతదని."

అత్త చెయ్యి కడుక్కుని, నన్ను వెంటబెట్టుకుని ట్యాంక్ దగ్గరికి నడిచింది. చీర కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని నాలుగు మెట్లెక్కింది. నాన్నకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాను.

"అన్నా, నా చీటీలు ఏం చేసినవ్?"

నాన్నకు విషయం అర్థమైనట్టుంది. "సొరుగుల ఉన్నయి చెల్లె. అన్నీ."

"పనికి రావని ఒక్కసారి చెప్తే నీ నోరు అరుగుతదా?"

"చెప్తే పంపుడు బంద్ చేస్తవని."

అత్త ఫోన్ నా చేతిలో పెట్టి కిందికి దిగింది. కళ్లు తుడుచుకుంటూనే, "ఏయ్, రేపు పోయి ఆ సార్‌ను కలుద్దాం" అని ఇంటివైపు కేకేసింది.

ఫీజుల మీద పన్ను ఇంకా తగ్గించాలని ఆఫీసు క్యాంటీన్‌లో ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. నేనూ ఆ తగ్గింపు పొందిన ఇంట్లోనే చదివినదాన్ని, కాదనను. కానీ వాళ్లు మాట్లాడేటప్పుడు నాకు వ్యాన్ ఎక్కేదాకా చేతిలోనే ఉన్న ఆ బూట్లే గుర్తొస్తాయి. ఇచ్చేదేదో మామయ్య చెప్పిన చోట ఇవ్వాలంటాను. గొంతు పెద్దదవుతుంది. పక్కవాళ్లు టాపిక్ మారుస్తారు.

ఆ మరుసటి ఫిబ్రవరిలోనూ డబ్బా వచ్చింది. మూత తీసి, అలవాటుగా నాన్న న్యూస్‌పేపరు కిందికి చెయ్యి పోనిచ్చాడు. ఈసారి ఏమీ ఉండదని చెప్పబోయి, నోటిదాకా వచ్చిన మాట ఆపుకున్నాను. కవర్ ఉంది. లోపల సర్కారు బడి మార్కుల కాగితం జిరాక్సు. లెక్కల మార్కుల చుట్టూ పెన్నుతో గుండ్రంగా గీత గీశారు. వెనక అత్త రాత:

"అన్నా, ఇది నీకు ఎందుకూ పనికి రాదని తెలుసు. ఊకెనే పంపుతున్న."

నాన్న దాన్ని రెండుసార్లు చదివి, చింతపండు అంటిన వేలు లుంగీకి తుడుచుకుని, బీరువా సొరుగు తెరిచాడు.