ఎదురింటి నీలి మంట

ఎదురింటావిడ పొయ్యి వెలిగించి వెంటనే గిన్నె పెట్టేది కాదు. మోకాళ్ల మీద చేతులు ఆనించి, వంగి మంటను చూసేది. నేను గడపలో కనిపిస్తే చాలు, "రా అక్కా, ఎంత నీలంగా ఉండాదో చూడు" అని పిలిచేది.

బళ్లారిలో మా వీధికి గ్యాస్ పైపు ముందుగా ఆమె వైపే వేశారు. నేనేమో సిలిండర్ ఊపి చూసుకుంటూ బతికేదాన్ని. కుళ్లు ఆపుకోలేక, ఆమె కొన్న షాపుకే వెళ్లి అచ్చం అలాంటి పొయ్యే తెచ్చుకున్నాను. వెలిగిస్తే పసుపురంగు మంట జానెడు లేచింది. పాలగిన్నె మసిబారింది.

ఆమె వచ్చి, వంగి చూసి నవ్వింది. "అయ్యో, ఇది పైపు గ్యాస్ పొయ్యి అక్కా! పైపులో వచ్చేది మీథేనంట, తేలికంట. అందుకే దీంట్లో గ్యాస్ వచ్చే జెట్‌కు బొక్క పెద్దది. సిలిండర్ గ్యాస్ బరువు, దానికి సన్న బొక్క కావల్ల."

షాపు మనిషిని తనే పిలిపించి జెట్లు మార్పించింది. తిట్టుకోవడానికైనా వీల్లేకుండా చేసిందని నాకు ఇంకా ఒళ్లు మండింది.

తర్వాత ఎదురింటివాళ్లు బండ్రి అనే ఊరికి మారిపోయారు. అక్కడ సిలిండరే. ఈమధ్యే మా వైపుకీ పైపు వచ్చింది. మళ్లీ పెద్ద బొక్క జెట్లు వేయించి, పొయ్యి వెలిగించి, నేనూ మోకాళ్ల మీద చేతులు ఆనించి చూశాను. నీలంగా, నిలకడగా ఉంది. ఒక్కసారైనా ఆమె కుళ్లుకోవాలని వెంటనే ఫోన్ చేశాను.

"వచ్చిందా అక్కా? శానా ఖుషీ అయింది! నీలంగా ఉండాదా? ఫోటో పంపు, చూస్తా" అంది.

ఆ గొంతులో ఎంత వెతికినా ఓర్వలేనితనం లేదు. మంట ఆపేసి కూర్చున్నాను.