మూడో వద్దు

తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొత్తలో చిట్యాల దగ్గర హైవే మీది హోటల్లో వడ్డించే పనికి కుదిరాను. అక్కడే కిరాయికి చిన్న గది. ఆ పనంటే నాకు ప్రాణం. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని హాల్లోకి అడుగుపెడితే రోజూ పెళ్లింట్లోకి వెళ్లినట్టుండేది. మా అమ్మకు మాత్రం అది కిట్టలేదు. మగ్గం మీద చీరలు నేసే మనిషి. ఆడపిల్ల ముక్కూ మొహం తెలియని వాళ్ల ముందు గంటె పట్టుకుని నిలబడటమేమిటని ఆమె బాధ.

"ఒక దినం వచ్చి చూస్త. నచ్చకుంటే బట్టలు సర్దుకొని నా ఎంబడే రావాలె" అంది ఫోన్‌లో.

అన్నట్టే మోత్కూర్‌లో బస్సెక్కి వచ్చింది, తాను నేసిన చీర కట్టుకుని, సరిగ్గా భోజనాల వేళకు. హాలు కిటకిటలాడుతోంది.

వడ్డించేవాళ్లందరి మీద పెద్ద అయిన మా కెప్టెన్ నేర్పిన మర్యాదలు నాకు కంఠతా వచ్చు. తినేవాళ్ల మీదికి వంగకూడదు. నోట్లో ముద్ద ఉన్నప్పుడు పలకరించకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, ఒక్కసారే అడగాలి. వద్దంటే వెంటనే తప్పుకోవాలి. అడిగినంత పెట్టే భోజనమే అయినా, బలవంతం చేస్తే మోటుతనమట.

అమ్మ ముందు ఒక్క పొరపాటూ జరగకూడదని పంతం పట్టాను. చిన్న గంటెతో అన్నం, పప్పు, పచ్చిపులుసు చుక్క ఒలకకుండా వడ్డించాను. ప్లేటు ఖాళీ కాగానే దగ్గరికి వెళ్లాను.

"ఇంకింత అన్నం పెట్టాల్నా అమ్మా?"

"వద్దు బిడ్డ."

చిరునవ్వుతో తలూపి పక్క టేబుల్‌కు వెళ్లిపోయాను. ఎంత పద్ధతిగా చేశానో అని మురిసిపోయాను కూడా. తిరిగి చూస్తే అమ్మ చెయ్యి కడుక్కోకుండా, ఖాళీ ప్లేటు ముందు ముఖం మాడ్చుకుని కూర్చుంది.

అప్పుడు గానీ నా బుర్రకు వెలగలేదు. మా ఇళ్లలో మొదటి వద్దు మర్యాదకు, రెండోది మొహమాటానికి. మూడోసారి అంటేనే కడుపు నిండినట్టు. మొదటి వద్దుకే గంటె వెనక్కి తీసిన ఇంటికి మళ్లీ ఎవరూ భోజనానికి వెళ్లరు.

కెప్టెన్ చూస్తున్నాడు. చూస్తే చూడనీ అనుకుని, వంటగదిలోంచి పెద్ద గంటె తెచ్చాను.

"వద్దన్న గద" అంది అమ్మ.

"గీ ఒక్క గంటె తినకుంటే నా మీద ఒట్టే."

"వద్దు, వద్దు" అంటూ మూడోదీ అనేసి ప్లేటుకు చెయ్యి అడ్డం పెట్టింది గానీ, అన్నం పడేంత సందు ఉంచింది. ఆ సందులోంచే గంటెడు వేశాను.

పక్క టేబుల్ దగ్గర తలపాగా చుట్టుకున్న పెద్దాయన ఇదంతా చూస్తున్నాడు.

"బిడ్డా, ఇందాక నేను గూడ వట్టిగనే వద్దన్న. జర గిటు రా."

హాలంతా నవ్వులే. ఇంకా నలుగురు ప్లేట్లు ముందుకు జరిపారు. కెప్టెన్ నా దగ్గరికి వచ్చాడు. తిట్లు తప్పవనుకున్నాను. ఆయన పప్పు గిన్నె చేతిలోకి తీసుకుని "నువ్వు అన్నం చూసుకో, పప్పు నేను చూస్త" అన్నాడు. ఆ హోటల్లో అంత సంతోషంగా నేనెప్పుడూ వడ్డించలేదు.

పొద్దు వాలాక అమ్మను బస్సెక్కించడానికి వెళ్లాను. బట్టలు సర్దుకోమంటుందేమోనని దారంతా భయమే. బస్సు కదలబోతుండగా అమ్మ కిటికీలోంచి తల బయటికి పెట్టింది.

"రేపటి సంది గా చిన్న గంటె ముట్టకు. చూసినోళ్లు నా బిడ్డవంటే నమ్మరు."