పదకొండు, ఇరవై మూడు

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. పైగా, ఒక విషయం ఊరికే అలా జరిగిందా, దాని వెనక కారణం ఉందా అని తేల్చడమే నా ఉద్యోగం. కాకతాళీయం అనే మాట మీదే నా ఇల్లు గడుస్తోంది.

జనగామలో మా ఇంట్లోనే కూర్చుని, మెదడు స్కాన్‌ల మీద పరిశోధన చేసే ఒక బృందానికి లెక్కలు చేస్తాను. ఆ ఏడాది గూడూరు మండలం నుంచి నలభై మంది ఆడవాళ్ల స్కాన్‌లు వచ్చాయి. సగం మందికి మతిమరుపు మొదలైంది, సగం మందికి లేదు. రెండు గుంపుల మెదళ్లకూ నిజంగా తేడా ఉందా అన్నది ప్రశ్న.

పద్ధతి తేలికే. ప్రతి స్కాన్‌కూ ఒక నంబరు చీటీ ఉంటుంది, అది ఎవరిదో, ఏ గుంపుదో చెప్పేది ఆ చీటీయే. సాఫ్ట్‌వేర్ ఆ చీటీలను ఐదువేలసార్లు కలిపి పంచుతుంది. అట్లా పంచినప్పుడు కనబడే తేడాలకన్నా అసలు తేడా పెద్దదైతే, అది ఉత్తినే వచ్చింది కాదని అర్థం.

నా సాఫ్ట్‌వేర్ మాత్రం మొండికేసింది. పంచిన చిట్టా తెరిచి చూస్తే, ఐదువేలసార్లూ పదకొండో స్కాన్‌కు ఇరవై మూడు చీటీ, ఇరవై మూడో స్కాన్‌కు పదకొండు చీటీ. మిగతా ముప్పై ఎనిమిదీ ఇష్టం వచ్చినట్టు తిరుగుతున్నాయి.

తప్పు నాదే అనుకున్నాను. సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ ఎక్కించాను. వేరే కంప్యూటర్‌లో నడిపాను. ఉత్తుత్తి అంకెలు ఇస్తే బుద్ధిగా పనిచేసింది. జాబితా వరస మార్చి కొత్త నంబర్లు ఇచ్చాను. పదకొండు నాలుగైంది, ఇరవై మూడు ముప్పై ఒకటైంది. మళ్లీ ఆ ఇద్దరే జాగలు మార్చుకున్నారు.

ఇద్దరినీ తీసేస్తే నా పని అయిపోయేది. తీసేశాను కూడా. కానీ ఆ రాత్రి మళ్లీ ఆ చిట్టానే తెరిచాను.

పేర్లు నాకు తెలియకూడదన్నది నియమం. అందుకే ఆ ఆడవాళ్లను స్కాన్‌కు తీసుకెళ్లిన ఆరోగ్య కార్యకర్త అనసూయకు ఫోన్ చేసి, నంబర్లు మాత్రమే చెప్పాను.

“వాళ్లిద్దరు అక్కాచెల్లెండ్లు మేడం. సమ్మక్క, సారక్క. ఒక్కనాడే తీస్కపోయిన” అంది. ఆ రోజు ఎట్లా జరిగిందో చెప్పమన్నాను. “ముందుగాల చెల్లె సారక్క వంతు. పెద్దమనిషిని పేరు వెట్టి ఎట్ల పిలుస్తరని, స్కాన్ తీసేటోళ్లు అక్కా లోపలికి రా అన్నరు. సమ్మక్క లేచి పోయింది.”

ఆ మాట అన్నాకే ఆమెకు తట్టింది. “వాళ్లింట్ల అక్కంటే సమ్మక్కనే గదా మేడం.”

మా బృందంలోని డాక్టర్‌కు చెప్పాను. ఇద్దరికీ మళ్లీ స్కాన్ తీశారు. తారుమారైన మాట నిజమే. అప్పటిదాకా, మతి చెదురుతున్న సారక్కకు స్కాన్ చూసి ఏమీ లేదని మందు ఇవ్వలేదు. నిక్షేపంగా ఉన్న సమ్మక్కకు మాత్రలు రాశారు, కొడుకు ఆమెను పొయ్యి దగ్గరికి రానివ్వడం మానేశాడు. ఆమె కూడా తన మతి పోయిందనే నమ్మింది. ఇద్దరినీ తీసేసి ఊరుకోబోయిన నా మీద నాకే అసహ్యం వేసింది.

చీటీలు సరిచేశాక సాఫ్ట్‌వేర్ మళ్లీ మొండికేయలేదు. అప్పటి చిట్టాలు దాచాను. ఎన్నిసార్లు వెతికినా వాటిలో లోపం దొరకలేదు.

తర్వాత ఒక మధ్యాహ్నం గూడూరు పోయాను. ఆ ఇద్దరినీ అంతకుముందు నేను చూడలేదు. ఫోటో సరిగ్గా పడలేదు, మళ్లీ తీయాలి అని తప్ప వాళ్లకెవరూ ఏమీ చెప్పలేదు. అసలు సంగతి నేనే చెప్పి క్షమాపణ అడుగుదామని వెళ్లాను. సమ్మక్క పొయ్యి ముందు ఉంది. సారక్క వాకిట్లో మిరపకాయల తొడిమలు తీస్తోంది. నేను నోరు తెరవకముందే తలెత్తి చూసింది.

“జాగలు మారినం బిడ్డా అని నీకు ఎన్నిమాట్ల చెప్పాలె?”

నన్ను అనసూయ అనుకుందేమో. తర్వాత అనసూయను అడిగాను. తనతో ఆ మాట ఎన్నడూ అనలేదని చెప్పింది.

నాకు కారణం తెలియదు, ఇప్పటికీ. కానీ ఎన్నిసార్లు అన్నదానికి నా దగ్గర లెక్క ఉంది. నడిపిన ప్రతిసారీ ఐదువేలు.