శనివారం పాటకు నేసిన గళ్ళు

నా చిన్నప్పుడు మా చిన్నమామ ఒక లుంగీ బట్టను పాడుచేసి ఆ తప్పు నా మీద వేశాడని చాలా ఏళ్ళుగా అందరికీ చెబుతూ వచ్చాను. పెళ్ళిళ్ళలో, ఆఫీసులో, పిల్లల ముందు చెప్పి నవ్వించాను. చెప్పినదాంట్లో అబద్ధం లేదు. కానీ సగమే చెప్పాను. మిగతా సగం ఇప్పుడు చెప్పకపోతే ఆయనకు అన్యాయం చేసినవాణ్ణవుతాను.

మాది పళ్ళిపట్టు దగ్గర ఊరు. ఇంటి ముందు గదిలో రెండు గుంట మగ్గాలు ఉండేవి. ఒకటి మా నాన్నది, ఒకటి మా అమ్మ తమ్ముడైన చిన్నమామది. తిరుత్తణి నుంచి ఒక షావుకారు నూలు పంపి, నేసిన లుంగీలు తీసుకుపోయేవాడు. నేను ఆరో తరగతిలో ఉండగా నాన్నకు నడుము పట్టేసింది. మగ్గం ముందు కూర్చోలేకపోయాడు. నన్ను బడి మాన్పించి ఆ గుంటలోకి దించారు.

గుంటలో కాళ్ళు వేసి నేలమీద కూర్చుంటే ముందు పడుగు, వెనక గోడ. మా ఇంటి చూరు బాగా కిందికి ఉండేది. అక్కణ్ణుంచి చూస్తే వీధిలో పోయేవాళ్ళ కాళ్ళు తప్ప మరేమీ కనబడవు. పొద్దున, సాయంత్రం నా తోటివాళ్ళ కాళ్ళు బడికి పోయి వచ్చేవి. ఏ కాళ్ళు ఎవరివో నాకు తెలుసు. వంగి నన్ను చూసినవాళ్ళు లేరు.

అసలు చిక్కేమిటంటే, పని నాకు తొందరగా వచ్చేసింది. గళ్ళు సమంగా పడుతున్నాయి. నాన్న మంచం మీద నుంచే బట్టను చేత్తో తడిమి సంతోషపడేవాడు. సోమవారం షావుకారు వచ్చినప్పుడు నా మొదటి బట్ట నచ్చితే ఇకమీదట నాకే నూలు ఇస్తాడు. ఆ తర్వాత బడి మాట ఉండదు. ఈ సంగతి ఇంట్లో ఎవరూ పైకి అనలేదు, అందరికీ తెలుసు. లేచి కూర్చోలేని నాన్నను చూస్తూ బడికి పంపమని నేనెలా అడగను?

మామకు రేడియో పిచ్చి. శనివారం మధ్యాహ్నం ఇంగ్లీషు రాక్ పాటల కార్యక్రమం వచ్చేది. ఒక కొత్త ఆల్బం, ఒక పాత ఆల్బం తీసుకుని వాటిలోని పాటలు వరసగా వేసేవారు. మామకు ఇంగ్లీషు ముక్క రాదు. అయినా పాట మొదలైతే చాలు, నేస్తూనే తీర్పు చెప్పేవాడు.

"ఇది కొత్తది అల్లుడా. గంజి ఎక్కువ పెట్టిన నూలు మాదిరి ఎట్ట బిరుసుగా ఉందో చూడు." కాసేపటికి, "ఇది పాతది. ఉతికి ఉతికి మెత్తబడింది."

"ఏమంటా ఉండాడు మామా?"

"ఏముంది, మగ్గంలో పోగు తోసే వాడి నాడె యాడనో పోయిందని ఏడుస్తా ఉండాడు."

నాన్న మంచం మీద నుంచి విసుక్కునేవాడు. "పోయింది వాడి నాడె కాదు, మన చెవులు. ఆపరా!"

"సుమ్మా గమ్మునుండు బావా. నీ నడుముకు ఇదే మందు."

షావుకారు రావడానికి ముందు వచ్చిన శనివారం నాన్న నడుముకు నూనె పట్టించుకోవడానికి బండిలో వైద్యుడి దగ్గరికి వెళ్ళాడు. పాటలు మొదలయ్యాయి. మామ తన మగ్గం ఆపి నా దగ్గరకు వచ్చాడు.

"లెయ్యి అల్లుడా. రొంత సేపు కాళ్ళు చాపుకో, నేను కూర్చుంటా."

రేడియో గొంతు పెంచి నా గుంటలోకి దిగాడు. డ్రమ్ములు జోరుగా మోగినప్పుడు పోగుపోగునూ అదే జోరుతో గట్టిగా తట్టాడు. గళ్ళు నలిగి పొట్టివయ్యాయి. తర్వాత గిటారుతో ఒక నిదానమైన పాట వచ్చింది. చెయ్యి తగిలీ తగలనట్టు తట్టాడు. గళ్ళు పొడుగ్గా సాగాయి.

"మామా, గళ్ళు తప్పుతా ఉండాయి!"

"నాకు తెల్దా? నువ్వు పాట విను."

కార్యక్రమం అయిపోయాక లేచి, ఏమీ జరగనట్టు తన మగ్గం దగ్గరికి వెళ్ళిపోయాడు. సోమవారం ఆయనే చెప్పుకుంటాడులే అని నేను ఊరుకున్నాను.

షావుకారు బట్టను అరుగు మీద పరిచాడు. "ఏమప్పా ఇది, లుంగీనా, నిచ్చెనా? ఎవరు నేసింది?"

నేను మామ వైపు చూశాను. మామ నా వైపు చెయ్యి చూపించాడు.

"వీడే అయ్యా. పాట వస్తే చాలు, వీడికి చెయ్యి యాడుందో కాలు యాడుందో తెల్దు."

నేను కాదు, మామ నేసినాడు అని అరిచాను. ఎవరు నమ్ముతారు? మామ చేతిలో గడి తప్పదని అందరికంటే షావుకారుకే బాగా తెలుసు. పైగా అబద్ధం కూడానా అని నాన్న మంచం దగ్గరికి పిలిచి చెంప మీద కొట్టాడు. షావుకారు బట్ట చుట్టేస్తూ, "ఈ చేతికి నా నూలు ఇయ్యను. వీడు మగ్గానికి పనికిరాడు. బడికన్నా తోలు" అన్నాడు. ఆ పెట్టె మళ్ళీ ఇంట్లో మోగకూడదని నాన్న కేకలేశాడు. మామ రేడియోను గుడ్డలో చుట్టి అటక మీద పెట్టేశాడు.

నేను మళ్ళీ బడికి వెళ్ళాను. చదివాను, తిరువళ్ళూరులో ఉద్యోగం వచ్చింది. మామ చేసిన మోసం మాత్రం మరవలేదు. ఆయన ఎదురుగానే ఈ కథ చెప్పేవాణ్ణి. ఆయనా నవ్వేవాడు.

మామ పోయాక, కర్మ రోజు భోజనాల దగ్గర కూడా చెప్పాను. వరసంతా నవ్వింది. వడ్డిస్తున్న మా అమ్మ ఆగి, "వాడి గడి ఎప్పుడూ తప్పదని గదా ఆ పొద్దు ఎవరూ నిన్ను నమ్మలే. మళ్ళ ఎట్ట తప్పింది నాయనా?" అంది. నా జవాబు కోసం చూడకుండా పక్క ఆకు దగ్గరికి జరిగింది.

అన్నం ముందు పెట్టుకుని ఒక్కొక్కటే గుర్తుకు తెచ్చుకున్నాను. అంతకు ముందు ప్రతి శనివారమూ ఆయన ఆ పాటలు వింటూనే నేశాడు. ఒక్క గడి తప్పలేదు. బడికి పంపమని అడిగితే నాన్న వినేవాడు కాదు. నాకు ముందే చెప్పి ఉంటే నేను దెబ్బలకు భయపడి బయటపెట్టేవాణ్ణి. పనికిరాడు అన్న మాట షావుకారు నోటి నుంచే రావాలి. దాన్ని నా కోసం రప్పించి, ఆయన నా కోపాన్ని భరించాడు.

ఇంకొకటి కూడా నేను ఎవరికీ చెప్పలేదు. నేను బడికి వెళ్ళాక మా నాన్న మగ్గం ఆగలేదు. తన పని ముగించి మామే ఆ గుంటలోకి దిగేవాడు. నేను సాయంత్రం సంచితో లోపలికి వస్తుంటే తలెత్తి, "ఏం అల్లుడా, ఈ పొద్దు ఏం చెప్పినారు?" అని అడిగేవాడు. నేను మొహం తిప్పుకుని వెళ్ళిపోయేవాణ్ణి. అయినా మర్నాడు మళ్ళీ అడిగేవాడు.

ఇప్పుడు ఆఫీసు నుంచి ఇంటికి వచ్చి చెప్పులు విప్పేటప్పుడు ఒక్క క్షణం గడపలో నిలబడతాను. ఆ రోజు కొత్తగా తెలిసింది ఏదైనా ఉంటే మనసులోనే మామకు చెబుతాను. ఏమీ లేని రోజు, ఏమీ లేదు మామా అని చెబుతాను.