నిదానం సైకిలెక్కిన పది రోజులు

లారీ నడిపేవాడికి సైకిలు తొక్కడం రాదంటే ఎవరూ నమ్మరు. అందుకే నిదానం ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఇసుకా కంకరా మోసే పది చక్రాల టిప్పరును ఒంటిచేత్తో తిప్పే మనిషికి, రెండు చక్రాల బండిని చూస్తే కాళ్ళు వణుకుతాయన్న రహస్యం భార్యకొక్కదానికే తెలుసు. పెళ్ళయిన కొత్తలో ఆవిడ ఒకసారి కడుపుబ్బ నవ్వుకుంది. ఆ తర్వాత ఈనాటి వరకూ గుట్టు దాచింది.

ఆయన అసలు పేరు షెడ్డులో జీతాల కాగితం మీద తప్ప ఎక్కడా వినపడదు. టైరు పేలినా, మేనేజరు కేకలేసినా "నిదానం, నిదానం" అనడం ఆయన అలవాటు కాబట్టి ఆ పేరే ఖాయమైపోయింది. ఆయనకు ఇళ్ళువాకిళ్ళ గర్వం లేదు, చదువు గర్వం అసలే లేదు. ఉన్నదల్లా ఒకటే. ఇన్నేళ్ళలో ఆయన చక్రం కింద కోడిపిల్ల కూడా పడలేదు. ఈ ముక్క రోజుకొకసారైనా ఎవరి చెవిలోనో వెయ్యకపోతే ఆయనకు తాగిన టీ ఒంటికి పట్టదు.

షెడ్డులో సగం మందికి స్టీరింగు పట్టడం నేర్పింది ఆయనే. భార్య తమ్ముడు కూడా ఆయన శిష్యుడే. నేర్పేటప్పుడు ఆయన అన్నిటికన్నా ఎక్కువసేపు చెప్పే పాఠం ఎడమ మలుపు. సందు ఇరుకైతే పెద్ద బండి తిన్నగా ఎడమకు తిరగదు, వెనక చక్రాలు మూల మీదికి ఎక్కేస్తాయి. అందుకని ముందు కాస్త కుడికి లాగి, అప్పుడు ఎడమకు తిప్పాలి. ఇది లారీ డ్రైవర్లందరికీ తెలిసిన విద్యే. దానికి నిదానం తన సొంత తెలివి ఒకటి జోడించాడు.

"ముందే ఎడమ లైటు వేశావనుకో, వెనకున్న ప్రతివాడూ మనకంటే ముందు దూరిపోదామని చూస్తాడు. అందుకని కుడికి లాగేదాకా లైటు వెయ్యకు. లాగు, వెయ్యి, తిప్పు. అంతే!"

లాగు, వెయ్యి, తిప్పు. ఆయన శిష్యులందరికీ ఈ మూడు ముక్కలూ నోటికొచ్చు.

అలాంటి మనిషి నెత్తిన పిడుగు పడ్డట్టు ఒక రోజు మేనేజరు గోడకు కాగితం అతికించాడు. ఇక మీదట ఊరి నడిబొడ్డున కట్టే భవనాల దగ్గరికి వెళ్ళాలంటే సైకిళ్ళవాళ్ళకు ప్రమాదం లేకుండా లారీ తిప్పడం నేర్చుకున్నట్టు డ్రైవరు దగ్గర సైకిళ్ళ శిక్షణ కార్డు ఉండి తీరాలట. ఒక రోజు శిక్షణ. పొద్దున డ్రైవర్లే సైకిలెక్కి రోడ్డు మీద తిరగాలి, మధ్యాహ్నం లారీతో పరీక్ష. కార్డు రానివాళ్ళు బండి దిగి గేటు దగ్గర గొలుసు ఎత్తుతూ దించుతూ కూర్చోవాలి.

ఆ గొలుసు దగ్గర ఇప్పుడున్న ముసలాయన మధ్యాహ్నమయ్యేసరికి కునుకు తీస్తుంటాడు. నిదానం ఆయన్ని చూసినప్పుడల్లా జాలిపడేవాడు. ఆ రోజు మాత్రం జాలి తన మీదే కలిగింది.

శిక్షణ ఇవ్వడానికి వచ్చింది ఒక అమ్మాయి. మహా అయితే పాతికేళ్ళుంటాయి. నెత్తిన హెల్మెట్టు, మెడలో ఈల. డ్రైవర్లు ఆమెకు వెంటనే టీచరమ్మ అని పేరు పెట్టేశారు. శిక్షణ మైదానంలో వరసగా నిలబెట్టిన పన్నెండు సైకిళ్ళను చూడగానే మీసాలు నెరిసినవాళ్ళు కూడా బడి వదిలిన పిల్లలైపోయారు. గంటలు మోగించేవాడొకడు, చేతులు వదిలేసి తొక్కేవాడొకడు. బావమరిదైతే మైదానం చుట్టూ రెండు చుట్లు కొట్టి వచ్చాడు.

"రా బావా, ఎక్కు!"

నిదానం మాత్రం సైకిలు హ్యాండిలు పట్టుకుని, ఎవరో కాసేపు ఎత్తుకోమని ఇచ్చిన పసిపిల్లను పట్టుకున్నట్టు నిలబడ్డాడు.

"మోకాలు నొప్పమ్మా" అన్నాడు టీచరమ్మతో.

"ఏ మోకాలు, బాబాయ్ గారూ?"

"ఎడమది."

"ఇందాక కుడిదన్నారే!"

నిదానం నేల చూపులు చూశాడు. ఆ అమ్మాయి నవ్వలేదు. ఆయన్ని నీళ్ళ ట్యాంకు వెనక్కి తీసుకువెళ్ళి మెల్లగా అడిగింది. "అసలు తొక్కడం రాదా?"

పెళ్ళాం దగ్గర తప్ప ఒప్పుకోని మాట ఆ పరాయి పిల్ల దగ్గర ఒప్పుకున్నాడాయన. ఆమె, "పది రోజులు టైమిస్తాను. నేర్చుకుని రండి. రోడ్డు మీద నాతో ఒక్క చుట్టు తిరిగితే చాలు, కార్డు రాసేస్తాను. మీవాళ్ళకు మోకాలనే చెబుదాం" అంది. నిదానానికి ఆ పిల్ల మీద ఎక్కడలేని అభిమానం పుట్టుకొచ్చింది. ఆ అభిమానం మధ్యాహ్నం దాకానే నిలిచింది.

మధ్యాహ్నం మైదానంలో ఎర్ర డబ్బాలు పేర్చి ఒక ఇరుకు సందు మలుపు తయారుచేశారు. అందరికన్నా పెద్దవాడని నిదానాన్నే ముందు లారీ ఎక్కమన్నారు. "రోజూ ఎలా తిప్పుతారో అలాగే తిప్పండి" అంది టీచరమ్మ. దానికేం భాగ్యమని ఆయన బండి కదిలించాడు. ఎడమ అద్దంలోకి చూశాడు, ఎవరూ లేరు. కుడికి లాగాడు, లైటు వేశాడు, ఎడమకు తిప్పాడు. కింద ఏదో కరకరమని నలిగింది. ఈల మోగింది.

దిగి చూస్తే ముందు చక్రం కింద ఒక పాత సైకిలుంది. దానికి కట్టి ఉన్న బొమ్మ, చొక్కా ప్యాంటూ తొడిగి లోపల గుడ్డలు కుక్కిన మనిషంత బొమ్మ, నడుము దగ్గర నలిగి పడి ఉంది. నిదానం కుడికి లాగుతుండగా టీచరమ్మ సైగ చేస్తే, బావమరిదే దాన్ని దూరం నుంచి తాడుతో ఎడమ పక్కకు లాగాడు.

"బావా, ఖూనీ చేసేశావు!" అని ఎవరికంటే ముందు నవ్వింది కూడా వాడే. తక్కినవాళ్ళూ నవ్వారు గాని, నలిగిన చొక్కాను చూసి ఎక్కువసేపు నవ్వలేకపోయారు.

"వాణ్ణి ఎడమ పక్క ఎవడు దూరమన్నాడు?" అన్నాడు నిదానం, బొమ్మ మీద నిజంగానే కోపం వచ్చి.

"మీరు కుడికి వెళుతున్నారు కదా. దారి ఇచ్చారనుకున్నాడు."

"నేను లైటు వేశానమ్మా!"

"ఎప్పుడు వేశారు?"

నిదానం వంగి బొమ్మ చొక్కాను చక్రం కింది నుంచి లాగబోయాడు. "కుడికి లాగొద్దనడం లేదు, బాబాయ్ గారూ" అంది టీచరమ్మ. "చాలా ముందుగా లైటు వెయ్యండి. ఆగండి. పక్కనున్నవాళ్ళు వెళ్ళిపోయారని చూసుకున్నాక తిప్పండి. మీ క్యాబిన్ ఎత్తుకు చక్రం పక్కనున్న మనిషి అద్దంలో కూడా పడడు." నిదానం మళ్ళీ ఎక్కి, గొణుక్కుంటూనే ఆమె చెప్పినట్టు తిప్పాడు. మిగతావాళ్ళూ అలాగే తిప్పి, సాయంత్రానికి కార్డులు జేబులో వేసుకున్నారు.

నిదానం ఇంటికొచ్చి అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. "నిన్నగాక మొన్న పుట్టిన పిల్ల నాకు మలుపు నేర్పుతుందా? బొమ్మను తాడు కట్టి లాగితే ఎవడు ఆపగలడు? నిజం మనిషైతే చూసుకోడా? ఇరవై ఎనిమిదేళ్ళలో..."

"కోడిపిల్ల కూడా పడలేదు" అని భార్యే వాక్యం పూర్తిచేసింది. మంచం కింది నుంచి గాలి పంపు బయటికి తీస్తూ, "రేపు ఐదింటికి లేవండి" అంది.

ఆవిడ ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికే పని చేస్తుంది. పందొమ్మిదేళ్ళుగా ఎండయినా వానయినా సైకిలు మీదే వెళ్ళి వస్తుంది. మర్నాడు తెల్లవారుతుండగా ఇంటి వెనక సందులో మొగుణ్ణి ఆ సైకిలెక్కించి వెనక క్యారియరు పట్టుకుంది.

"చూపు ముందు పెట్టండి. చక్రం వంక చూడకండి, అది ఎక్కడికీ పోదు."

"వదలొద్దు! వదిలావంటే చంపేస్తా!"

"నిదానం, నిదానం" అంది ఆవిడ. మేడ మీద బట్టలు ఆరేస్తున్న పక్కింటావిడ చాటుకు వెళ్ళి మరీ నవ్వింది.

మొదటి రోజు గోడను గుద్దాడు. రెండో రోజు చెత్త డబ్బాను గుద్దాడు. మూడో రోజు గుద్దడానికి ఏమీ లేకపోయినా పడ్డాడు. మోచేతులు దోక్కుపోయాయి, పరువు అంతకన్నా ఎక్కువ దోక్కుపోయింది. ఐదో రోజు సందు చివరిదాకా వెళ్ళి, వెనక్కి తిరిగి చూస్తే భార్య ఎక్కడో మొదట్లోనే నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. ఆ సంతోషంలో మళ్ళీ పడ్డాడు. కానీ వచ్చేసింది. యాభై రెండేళ్ళ వయసులో సైకిలొచ్చింది. ఆ రోజంతా ఆయన మొహంలో చిన్న నవ్వు తిరుగుతూనే ఉంది.

పదో రోజున టీచరమ్మ తొమ్మిదింటికి రమ్మంది. "లాండ్రీ దాకా నాతో రండి. రోడ్డు అలవాటవుతుంది" అని భార్య పక్కింట్లో ఇంకో సైకిలు అడిగి తెచ్చింది. ఆవిడ ముందు, ఆయన వెనక. రోడ్డు మీదికి రాగానే నిదానానికి లోకం తలకిందులైనట్టనిపించింది. తాను పైనుంచి చూసే రోడ్డు ఇది కాదు. బస్సు పక్క నుంచి వెళితే చొక్కా ఎగురుతోంది. కారు హారను కొడితే హ్యాండిలు దానంతటదే పక్కకు తిరుగుతోంది. అయినా తొక్కాడు.

కలప అడితి మూల దగ్గరికొచ్చేసరికి వెనక నుంచి టిప్పరు చప్పుడు వినపడింది. తమ షెడ్డు బండే. ఆ ఇంజను గురక ఆయనకు నిద్రలో కూడా తెలుసు. అది పక్కకొచ్చి మెల్లగా కుడికి జరిగింది. ముందు రోడ్డు ఖాళీ అయింది. పాపం, పెద్దమనిషెవరో దారి ఇస్తున్నాడనుకుని నిదానం హుషారుగా తొక్కాడు.

లాగు, వెయ్యి, తిప్పు అని కనిపెట్టిన మనిషి అలా అనుకున్నాడు.

"దిగండి! గోడకు ఆనుకోండి!" అని భార్య అరిచింది. అప్పటికే ఆవిడ సైకిలు వదిలేసి ఆయన చొక్కా పట్టుకుని లాగింది. ఇద్దరూ అడితి గోడకు వీపులు ఆనించేసరికి ఎడమ లైటు ఆయన చెవి పక్కన టిక్కుటిక్కుమని వెలగడం మొదలుపెట్టింది. ఆయన ఛాతీ ఎత్తున్న చక్రం జానెడు దూరంలోంచి దొర్లింది. బండి సందులోకి తిరిగి, ఏమీ జరగనట్టు వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు క్యాబిన్ అద్దంలో డ్రైవరు మొహం కనపడింది. బావమరిది. జేబులో కార్డు పెట్టుకుని, ఏదో పాట కూనిరాగం తీస్తున్నాడు.

నిదానం గోడ వారనే కూలబడ్డాడు. భార్య ఆయన మోచేయి తిప్పి చూసి దుమ్ము దులిపింది.

"వాడు నీ తమ్ముడు" అన్నాడు.

"వాడి బండి నాకు తెలియదా? నెలకు నాలుగుసార్లయినా ఇక్కడే తగులుతాడు."

"అప్పుడేం చేస్తావు?"

"ఏముంది, ఇదే. దిగి గోడకు ఆనుకుంటాను. వాడొక్కడేనా? అందరూ అలాగే తిప్పుతారు. మా లాండ్రీలో సైకిలు మీద వచ్చేవాళ్ళందరం ఈ మూల దగ్గర ముందే దిగిపోతాం."

"వాడితో ఒక్కసారి కూడా అనలేదా?"

ఆవిడ పడిపోయిన సైకిలు లేపి, హ్యాండిలు సరిచేసి, అప్పుడు చెప్పింది. "అన్నాను. 'పక్కనెవరూ కనపడలేదక్కా, బావ నేర్పినట్టే తిప్పాను' అన్నాడు."

"మరి నాతో ఎందుకు చెప్పలేదు?"

"మీకు ఉన్నది ఆ ఒక్క గర్వమే కదా. నా చేతులతో తీసెయ్యలేకపోయాను."

నిదానానికి ఏడుపొచ్చింది. నడిరోడ్డని చూడకుండా ఏడ్చాడు. ఇరవై ఎనిమిదేళ్ళు. ఎన్ని మూలలు, ఎన్ని గోడలు, వాటికి ఆనుకుని ఎందరు ఊపిరి బిగబట్టారో ఆయనకు తెలియదు. తన చక్రం కింద ఎవరూ పడలేదంటే అది తన నేర్పు కాదు. వాళ్ళు దిగి పక్కకు తప్పుకున్నారు కాబట్టి పడలేదు. ఎదురుగా సైకిలు పట్టుకుని నిలబడ్డ ఈ మనిషి కూడా వాళ్ళలో ఒకతె. సాయంత్రం ఇంటికొచ్చి ఆ గొప్పలన్నీ మాట్లాడకుండా విన్నది కూడా ఈవిడే.

"లేవండి, నాకు ఆలస్యమవుతోంది" అంది ఆవిడ.

తొమ్మిదింటికి టీచరమ్మ పక్కన ఒక చుట్టు తిరిగాడు. ఆమె మెచ్చుకుంటూ కార్డు రాసి ఇచ్చింది. పది రోజులుగా కలలోకి వచ్చిన కార్డు అది. ఆయన దాన్ని సరిగ్గా చూడను కూడా లేదు. "అమ్మా, రేపు పొద్దున మా షెడ్డుకు ఒకసారి రాగలవా? ఆ బొమ్మను కూడా తీసుకురా" అన్నాడు.

ఆ మధ్యాహ్నం షెడ్డులో డ్రైవర్లు టీ తాగుతున్నారు. ఆయన్ని చూడగానే బావమరిది గ్లాసు పైకెత్తాడు. "కార్డొచ్చిందట కదా బావా! మోకాలు కుదిరిందా?"

"పొద్దున కలప అడితి దగ్గర ఎడమకు తిప్పావు కదా. పక్కన ఎవరున్నారు?"

"ఎవరూ లేరు బావా. అద్దంలో చూసుకునే లాగాను. లాగు, వెయ్యి..."

"మీ అక్క ఉంది" అన్నాడు నిదానం. "నేనూ ఉన్నాను."

బావమరిది గ్లాసు కింద పెట్టి లేచి నిలబడ్డాడు. వాణ్ణి తిడతాడనుకుని అందరూ నిదానం వైపు చూశారు. ఆయన మాత్రం వాడి భుజం మీద చెయ్యి వేసి, తాను నేర్పినవాళ్ళందరికీ వినపడేలా చెప్పాడు.

"నీది కాదురా తప్పు. మీకందరికీ నేను తప్పు నేర్పాను."